ఐస్‌క్రీం పెట్టె

మా యశోదత్తమ్మ ఎవరినైనా "పానం ఎట్లున్నది?" అని అడిగితే ఆ ఇంటివాళ్ళు తలుపు వేసుకునేవారు. లాల్‌దర్వాజాలో మా గల్లీ నుంచి యాకుత్‌పురా దాకా ఆమె పేరు పెట్టెక్క. ముఖం మీద ఎవరూ అనరు. ఆమె మలుపు తిరిగాక అంటారు. ఆమెకు వినపడేటంత గట్టిగా అంటారు.

మా మామ రామ్‌చందర్‌ది టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు, వాటితోపాటు చనిపోయినవాళ్ళను ఉంచే ఫ్రీజర్ పెట్టెలు నాలుగు. పెళ్ళిళ్ళ పని మామ చూసుకునేవాడు. పెట్టెల పని భార్య మీద వేశాడు. "నీ మొఖానికి గదే కరెక్టు" అని కూలీల ముందు అన్నాడు. కూలీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, నేనూ అట్లాగే నవ్వుతాను.

నేను మామకు మేనకోడలిని. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి నన్ను ఆ షాపులో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఎవరిల్లు, ఏ గల్లీ, ఎన్నో అంతస్తు అని అడగాలి, అత్తమ్మకు చెప్పాలి. అంతకంటే మాట్లాడనక్కర్లేదు.

పెళ్ళికి ముహూర్తం ఉంటుంది. షామియానా ఎప్పుడు ఎక్కడ కావాలో ముందే తెలుస్తుంది. పెట్టె అట్లా కాదు. ఒక్కోసారి వారమంతా ఫోను మోగదు, నాలుగూ దుమ్ము పట్టి ఉంటాయి. ఎండ ముదిరిన ఏదో ఒక పొద్దున మూడిళ్ళవాళ్ళు ఒకేసారి అడుగుతారు. అడిగినవాళ్ళు ఆగరు. కాసేపు చూసి ఇంకో కంపెనీకి ఫోను చేస్తారు. లాల్‌దర్వాజా నుంచి దబీర్‌పురా దూరమేం కాదు గానీ, మధ్యలో ఒక పెళ్ళి బరాత్ అడ్డం పడితే చాలు, ట్రాలీ ఆటో కదలదు.

"నాలుగు పెట్టెలు నా కండ్ల ముంగట ఉండాలె," అనేవాడు మామ. అత్తమ్మ ఒప్పుకోలేదు. అన్నీ ఒక్కచోట ఉంటే ఎవరికి కావాలంటే వాళ్ళకు పంపొచ్చు, నిజమే. కానీ ఆటో చేరేలోపు గిరాకీ పోతుంది. విడదీసి పెడితే దగ్గరివాళ్ళకు వెంటనే అందుతుంది. కానీ యాకుత్‌పురాలో ఒకటి ఊరికే పడి ఉన్న రోజే ఇక్కడ మూడోది అడుగుతారు. ఏ రకంగా చూసినా ఎవరో ఒకరు తిట్టుకుంటారు. ఆమె విడదీసే పద్ధతే పట్టుకుంది. రెండు షాపులో, ఒకటి యాకుత్‌పురాలో, ఒకటి దబీర్‌పురాలో. ఇక పొద్దున్నే ఆమె చేసే పని వాకబు. మందుల షాపులో ఎవరింటికి పెద్దవాళ్ళ డైపర్లు పోతున్నాయి, ఎవరిని ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, ఎవరు గంజి కూడా మింగడం లేదు అని అడిగేది. దాన్నిబట్టి ఇక్కడి పెట్టెను అక్కడికి, అక్కడిదాన్ని ఇక్కడికి జరిపేది. చాలాసార్లు లెక్క తప్పేది. తప్పినప్పుడు మామ, "ఏందే, ముసలోడు ఇంకా పోలేదా? నీకు మాట ఇచ్చి తప్పిండా?" అనేవాడు.

ఒకసారి మామ ఒకే పెట్టెను రెండిళ్ళకు ఒప్పుకున్నాడు. రెండిళ్ళవాళ్ళూ షాపు ముందుకొచ్చి లొల్లి చేశారు. ఆ తర్వాత అత్తమ్మ ఒక నియమం పెట్టింది. ఇంటి గడప దాటి బయటికొచ్చిన పెట్టె ఖాళీ పెట్టె. ఖాళీ పెట్టె ఎవరు ముందు అడిగితే వాళ్ళది. పెట్టెను ఎక్కడ ఎక్కించినా ఆటో నడిపే నందు వెంటనే షాపుకు ఫోను చేసి "ఖాళీ" అనాలి. ఆ ఒక్క మాట మీద మా పని అంతా నడిచేది.

అన్నిటికంటే కష్టం పెట్టెకు చోటు దొరకడం. శవం ఎదురైతే మంచి శకునమని దండం పెట్టేవాళ్ళే ఖాళీ పెట్టె ఇంటి ముందు ఆగితే ఉమ్మేస్తారు. ఖాళీగా వచ్చింది ఖాళీగా పోదట. యాకుత్‌పురాలో జహంగీర్ భాయ్ మాత్రం తన కట్టెల అడితిలో చోటిచ్చాడు. "పెట్టుకో బేటీ, మాకేం డర్? మా దాంట్ల వెయిటింగ్ లిస్టే ఉండదు, వచ్చినోణ్ణి వచ్చినట్టే పంపుతం," అని తనే నవ్వాడు. దబీర్‌పురాలో ఎవరూ ఇవ్వలేదు. ఒకావిడ అత్తమ్మ నిలబడ్డ చోట పసుపునీళ్ళు చల్లింది, ఆమె ఇంకా అక్కడ ఉండగానే.

ఆఖరికి సుందరరామయ్య గారింట్లో షెడ్డు దొరికింది. ఆయన కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి, స్టేషను దగ్గరని అక్కడ ఇల్లు కట్టుకున్నారు. భార్య శారదాంబ, కొడుకు ఫణి, కోడలు సాయిప్రియ. షెడ్డుకు వెనక గల్లీలోకి ఇంకో తలుపుంది.

"ఏం పెడతావమ్మా ఇందులో?" అని శారదాంబ గారు అడిగింది.

అప్పటికి అత్తమ్మ ఎన్ని గుమ్మాలు తిరిగిందో నాకు తెలుసు. "ఐస్‌క్రీం పెట్టె అమ్మా. పెండ్లిళ్ళకు," అంది.

"అయ్యో, ఎండన పడి వచ్చావు. కూర్చో అమ్మాయీ, కాఫీ ఇస్తాను."

అత్తమ్మ కూర్చోలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. శారదాంబ గారు కుర్చీ జరిపింది, స్టీలు గ్లాసులో కాఫీ చేతికి ఇచ్చింది, చేతిలో పెట్టింది. మా గల్లీలో అత్తమ్మకు ఏదైనా ఇవ్వాలంటే గోడ మీద పెట్టి వెనక్కి జరుగుతారు. శ్రావణమాసంలో వాయనానికి పిలవరు. బోనాలకు గల్లీ ఆడవాళ్ళందరూ కలిసి గుడికి పోతే ఆమెను ఆఖరున, డప్పులవాళ్ళ వెనక రమ్మంటారు. అదీ మొగుడు ఉండగా.

ఆ రోజు నుంచి ఆమెకు దబీర్‌పురాలో ప్రతివారం పని పడింది. పెట్టె చూసొస్తానని వెళ్ళేది. నన్నూ తీసుకెళ్ళేది. శారదాంబ గారు "రా అమ్మాయీ" అనేది. ఆమె బియ్యం ఏరుతుంటే అత్తమ్మ కూడా ఏరేది. సుందరరామయ్య గారు పేపర్లో వార్తలు చదివి వినిపించేవారు, అత్తమ్మ ఊ కొట్టేది. మా ఇంట్లో ఆమె అంతసేపు కూర్చోగా నేను చూడలేదు. అంత పెద్ద ఊళ్ళో ఆమెకు తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. ఆ తలుపు ఒక అబద్ధం మీద తెరుచుకుందని ఆమెకు తెలుసు. అందుకే పెట్టె మీది నీలం టార్పాలిన్‌కు తాడు రెండు వరసలు కట్టేది, ముడులు తనే వేసేది.

అత్తమ్మ మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పోయిన ఎండాకాలం సత్తెమ్మ సంగతీ చెప్పాలి.

సత్తెమ్మ మహంకాళి గుడి దగ్గర పూలమ్ముతుంది. ఆమె భర్త శివయ్య వడదెబ్బకు పోయాడు. కూతురు షోలాపూర్ నుంచి రావాలి. సత్తెమ్మ జుట్టు విరబోసుకుని షాపుకు వచ్చింది. ఆ రోజు మూడు పెట్టెలు బయట ఉన్నాయి. ఒకటి షాపులోనే, షటరు పక్కన ఉంది.

"లేదు సత్తెమ్మా," అంది అత్తమ్మ.

"గదేంది మరి?"

"అది కాంట్రాక్టర్ సాబ్ వాళ్ళకు ఆపిన. వాళ్ళ తల్లిని దవాఖాన్లకెల్లి ఇంటికి తీసుకపొమ్మన్నరు."

"ఇంకా పోలేదు గద ఆమె?"

"రేపో మాపో."

"నా మొగడు పొద్దుగాలనే పోయిండే! ఆమె బతికే ఉన్నదంటివి!"

"ఒకటి ఎప్పటికీ ఆపి పెట్టాలె సత్తెమ్మా. నువ్వు ఐసు పెట్టుకో. ఐసు గూడ మంచిగనే ఉంటది."

సత్తెమ్మ పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. చేతి గుర్తు పడింది. ఆమె పోయాక అత్తమ్మ దాన్ని గుడ్డతో తుడిచింది. కాంట్రాక్టరు తల్లి మర్నాడు లేచి కూర్చుని జావ తాగిందని తెలిసింది. ఆపిన పెట్టె వారమంతా ఆగే ఉంది.

కాంట్రాక్టరు మా మామకు దేవుడితో సమానం. బోనాలకు మా పక్క రోడ్ల మీద పడే టెంట్లన్నీ ఆయన చేతిమీదుగా పోతాయి.

ఈ ఎండాకాలం మొదట్లో సాయిప్రియకు పాప పుట్టింది, శ్రీకాకుళం అవతల పుట్టింట్లో. శారదాంబ గారి సంతోషం చూడాలి. మేము వెళ్తే గుమ్మంలోనే చేతిలో చక్కెర పోసింది.

"బారసాల ఇక్కడే చేస్తాం అమ్మాయీ. నీ ఐస్‌క్రీం పెట్టె ఆ రోజు మాకే ఉంచాలి. ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదు."

అత్తమ్మ చేతిలో చక్కెర అట్లాగే ఉండిపోయింది.

"ఇస్తావా, ఇవ్వవా?"

"మీకే అమ్మా."

"ఏదీ, ఒకసారి తెరిచి చూపించు. ఎన్ని పడతాయో చూద్దాం."

"తెరిస్తే గ్యాసు పోతది అమ్మా," అంది అత్తమ్మ.

లోపల నుంచి సుందరరామయ్య గారు, "నాకు చూపించకండి, నేను దానిలోనే పడుకుంటాను, ఈ ఉక్కకి," అన్నారు. శారదాంబ గారు పడీపడీ నవ్వింది. నేను కింద చూశాను. బయటికొచ్చాక అత్తమ్మ చక్కెరను గోడ పక్కన చీమలకు వేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది. బారసాల నాటికి నిజంగానే ఎక్కడినుంచైనా ఒక ఐస్‌క్రీం పెట్టె తెప్పిస్తానని దారంతా నాతో అంటూ వచ్చింది. ఆ పెట్టె ఎట్లా ఉంటుంది, ఎవరి దగ్గర ఉంటుంది అని నన్నే అడిగింది.

ఆ తర్వాత ఎండలు భరించలేకుండా అయ్యాయి. మధ్యాహ్నం గల్లీలో కుక్క కూడా కనపడేది కాదు. పెట్టెలు ఒక ఇంటి నుంచి వచ్చి ఇంకో ఇంటికి పోతున్నాయి, కడిగే తీరిక కూడా లేదు. ఆ పొద్దున షాపులో రెండూ లేవు. యాకుత్‌పురాది కూడా పోయింది. మిగిలింది దబీర్‌పురా షెడ్డులోది ఒక్కటే.

ఫోను మోగింది.

"అమ్మాయి ఉందా తల్లీ? యశోద?" శారదాంబ గారి గొంతు ఏదో వస్తువు అరువడుగుతున్నట్టుంది. "మీ బాబాయి గారు లేవలేదమ్మా. డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఫణి శ్రీకాకుళంలో ఉన్నాడు కదా, పాప దగ్గర. విమానం టిక్కెట్టు దొరకలేదుట. దొరికిన రైలెక్కినా తెల్లారి గానీ రాడు. మీ దగ్గర అద్దాల పెట్టెలు కూడా ఉంటాయని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎప్పుడూ చెప్పలేదే మీరు?"

సుందరరామయ్య గారు అత్తమ్మ వాకబులో లేరు. ఊరంతా ఎవరి దగ్గు ఎట్లా ఉందో విన్న మనిషి ఆ ఒక్క ఇంట్లో వినలేదు. ఫోను తీసుకుని, "షాపుకెల్లి పంపుతున్న అమ్మా. నేను గూడ వస్తున్న," అంది. పెట్టేసింది.

"షాపులో లేవు కదా అత్తమ్మా," అన్నాను.

"ఎరుకే."

పెట్టె శవానికి ఒక్క గోడ అవతల ఉంది. తాడు విప్పి, లోపలి తలుపు గుండా తోసుకువస్తే సరిపోతుంది. కానీ తోసుకువస్తే, ఏడాది నుంచి తన షెడ్డులో పడుకున్నది ఏమిటో శారదాంబ గారికి తెలుస్తుంది. ఖాళీగా వచ్చింది ఖాళీగా పోలేదని కూడా తెలుస్తుంది. అత్తమ్మ నందును పిలిచింది.

"షెడ్డు ఎనక తలుపుకెల్లి తియ్యి. టార్పాలిన్ ఇప్పకు. ఎవలన్న అడిగితే ఐస్‌క్రీం పెట్టె పెండ్లికి పోతున్నదని చెప్పు. స్టేషన్ కాడ ఆపి, ఇప్పి, తుడిచి, ముంగట గేటుకెల్లి తీస్కరా. లాల్‌దర్వాజాకెల్లి తెచ్చినట్టు."

"ఒక్క గోడ దాటనీకి గింత చక్కరా అక్కా?"

"చెప్పింది చెయ్యిరా."

ఇద్దరూ ఆటోలో పోయారు. ఆమె ముందు గేటు దగ్గర దిగి లోపలికి పోయింది. నందు వెనక గల్లీకి పోయాడు.

మామ అప్పుడే లేచి షాపుకు వచ్చాడు. తన సెల్లులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మాట్లాడుతూనే లేచి నిలబడ్డాడు. "అయ్యో సార్... ఎప్పుడు సార్... అమ్మ పోయిందా సార్..." కాంట్రాక్టరు తల్లి. ఏడాది నుంచి రేపో మాపో అన్న మనిషి ఆ పొద్దునే పోయింది.

అదే సమయంలో నా ముందు ఫోను మోగింది. నందు. పెట్టెను ఎక్కించగానే ఫోను చెయ్యడం వాడికి అలవాటు. "దబీర్‌పురా పెట్టె ఖాళీ," అన్నాడు. మామ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"నందూ, సీదా కాంట్రాక్టర్ సాబ్ ఇంటికి తీస్కరా. జల్ది."

నందు ఏదో అన్నాడు. "యశోద చెప్పిందా? కంపెనీ యశోదదా, నాదా? బండి తిప్పు."

"మామా, అది శారదాంబ గారికి," అన్నాను. షాపులో నేను అంత పెద్దగా మాట్లాడడం అదే మొదటిసారేమో, కుర్చీలు లెక్కబెడుతున్న కూలీ తలెత్తి చూశాడు.

"ఎవలామె?"

"షెడ్డు వాళ్ళు. ఆ సారు చనిపోయారు."

"గడప దాటిన పెట్టె ఖాళీ పెట్టె. ఎవలు ముందు అడిగితే వాళ్ళది. మీ అత్తమ్మ పెట్టిన రూలే గదనే!"

"ముందు ఆమే అడిగింది."

మామ నా వైపు వంగి, పిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "ఆమె అడిగినప్పుడు పెట్టె ఖాళీ లేకుండె. ఖాళీ అయినంక ముందు అడిగింది ఎవలు? కాంట్రాక్టర్ సాబ్. బడికి పోతే గిన్ని తెలివితేటలు వచ్చునా నీకు?" కూలీ నవ్వాడు.

అత్తమ్మ ఫోను చేసింది. "ఏడున్నడే నందు?"

చెప్పాను. ఆమె వెనక ఫ్యాను చప్పుడు, ఎవరో ఏడుపు, వాటి మధ్య శారదాంబ గారి గొంతు. "వచ్చేసిందా అమ్మాయీ?"

"వస్తున్నది అమ్మా," అంది అత్తమ్మ. తర్వాత మామకు ఇమ్మంది. మామ అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టాడు.

"వాళ్ళ కొడుకులు, కోడండ్లు అందరు ఈడనే ఉన్నరు. పొద్దుగూకకముందే లేపుతరు. వీళ్ళ కొడుకు తెల్లారితే గని రాడు. వాళ్ళను ఒక్క పూట ఐసు పెట్టుకోమను. నీ కాళ్ళు మొక్కుత."

"కాంట్రాక్టర్ సాబ్ తల్లికి ఐసు గడ్డలా? సిగ్గున్నదా నీకు?"

"వాళ్ళకు పెట్టె దేనికి మరి?"

"ఇజ్జత్‌కే!" అని పెట్టేశాడు.

ఆమె మిగతా కంపెనీలన్నిటికీ ఫోను చేసింది. నేనూ చేశాను. ఎవరి దగ్గరా లేదు. ఒకతను, "మీ దగ్గర అడుగుదామనే అనుకుంటున్న," అన్నాడు. ఇక ఐసు తెమ్మని అత్తమ్మ నాకు చెప్పింది.

ఐసు డిపో దగ్గర సత్తెమ్మ ఉంది. ఎండాకాలం పూలు వాడకుండా ఆమె రోజూ ఐసు కొంటుంది. నేను ఎన్ని గడ్డలు అడిగానో విని నా వైపు తిరిగింది.

"పూలకా?"

నేను డబ్బులు లెక్కబెట్టాను.

"ఎవలకు? పెట్టెక్క ఇంట్ల పెట్టె కరువైందా?" ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "మంచిగనే ఉంటది ఐసు. మీ అత్తమ్మనే చెప్పింది నాకు. కింద రంపపు పొట్టు మస్తు పొయ్యమను. లేకుంటే నీళ్ళు బాటకొస్తయి, మందంత తొక్కుకుంట పోతరు. మా శివయ్యప్పుడు గట్లనే వచ్చినయి." తర్వాత డిపోవాడితో, "ఆ పిల్లకు పగిలిన గడ్డలు ఇయ్యకు, జల్ది కరుగుతయి," అంది. తన గోనెసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నేను దబీర్‌పురా చేరేసరికే ఆటోలో కింద నీళ్ళు కారుతున్నాయి. పొట్టు దొరికినంత తెచ్చాను. సుందరరామయ్య గారిని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. అత్తమ్మ ఆయన చుట్టూ గడ్డలు పేర్చింది, పొట్టు పోసింది. చీర కొంగుతో ఆయన ముఖం మీద ఈగలు తోలింది. శారదాంబ గారు గోడకు ఆనుకుని, "పెట్టె ఇంకా ఎంతదాకా వచ్చిందమ్మా?" అని అడుగుతూనే ఉంది. ప్రతిసారీ అత్తమ్మ "దార్ల ఉన్నది," అంటోంది.

పక్కింటావిడ ఇక ఆగలేకపోయింది. "దార్లో ఏమిటండీ? పెట్టె మీ షెడ్డులోంచేగా పోయింది! నేను డాబా మీంచి చూశాను. టార్పాలిన్ జారితే లోపల అద్దం కనపడింది. మీరడుగుతున్నలాంటి పెట్టే."

శారదాంబ గారు లేచింది. ఎవరో పట్టుకోబోతే వద్దంది. షెడ్డు తలుపు తీసి చూసింది. మేము వెనకే వెళ్ళాం. నేల మీద దుమ్ము లేని చోటు పొడుగ్గా, ఒక మనిషి పడుకునేటంత ఉంది.

"అది ఐస్‌క్రీం పెట్టె కాదుటమ్మా?"

"కాదమ్మా," అంది అత్తమ్మ.

"ఏడాది నుంచీ?"

"అవునమ్మా."

ఇప్పుడు శాపనార్థాలు పెడుతుందని, ఆ పెట్టే తన భర్తను పిలిచిందని అంటుందని నేను అనుకున్నాను. అత్తమ్మ భయపడింది కూడా ఆ మాటకే. శారదాంబ గారు ఆ మాట అననే లేదు.

"ఉంటే ఉంది. చెబితే ఉంచుకోనా? ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అదీ." ఆ ఖాళీ చోటు మీదినుంచి చూపు తియ్యకుండా అడిగింది. "ఏడాదంతా ఉంచి, ఆయన పోయిన పూట పట్టుకుపోయావా?"

అత్తమ్మ నోరు తెరిచింది. మామ పేరు చెప్పొచ్చు. కాంట్రాక్టరు పేరు చెప్పొచ్చు. కానీ షెడ్డులోంచి పెట్టెను కదిలించమన్నది ఆమే. నోరు మూసుకుంది.

మధ్యాహ్నానికే పొట్టు తడిసి ముద్దయింది. నీళ్ళు గుమ్మం దాటి మెట్టు మీదికి, మెట్టు మీదినుంచి గల్లీలోకి పోయాయి. అత్తమ్మ గుడ్డ పెట్టి తుడుస్తోంది, బకెట్లో పిండుతోంది, మళ్ళీ తుడుస్తోంది. పెద్దవాళ్ళు ముక్కుల దగ్గర తువ్వాళ్ళు పెట్టుకుని మాట్లాడుకున్నారు. రైల్లోంచి ఫణి ఫోను చేశాడు. అన్ని గొంతుల మధ్య అతని గొంతు వినపడింది. "నేనొచ్చేదాకా ఆపండి బాబాయ్. ఒక్క రాత్రి."

"ఆపడం మన చేతుల్లో లేదురా నాన్నా," అన్నాడు ఇవతల ఫోను పట్టుకున్న బంధువెవరో.

పొద్దు వాలకముందే ఎత్తారు. సుందరరామయ్య గారి తమ్ముడి కొడుకు కుండ పట్టుకున్నాడు. పాడె గేటు దాటాక శారదాంబ గారు హాల్లోకి వచ్చింది. అత్తమ్మ ఇంకా నేల తుడుస్తోంది. శారదాంబ గారు ఆమెతో మాట్లాడలేదు, పక్కనున్నవాళ్ళతో చెప్పింది.

"ఆవిడని వెళ్ళిపొమ్మనండి."

"అమ్మాయీ" అని పిలిచిన నోటితోనే "ఆవిడ" అంది. అత్తమ్మ గుడ్డను బకెట్లో వేసి, చెప్పులు చేతపట్టుకుని గేటు దాకా పోయి అక్కడ వేసుకుంది.

చీకటి పడకముందే నందు పెట్టెను షాపుకు తెచ్చాడు. అత్తమ్మ కడగడానికి మూత ఎత్తింది. చెయ్యి లోపల పెట్టి చూసింది. "ఇంత వేడి ఉన్నదేందిరా?"

నందు తల గోక్కున్నాడు. "వాళ్ళ హాల్ల ఏసీ ఉండె అక్కా. పెట్టె ప్లగ్గు గూడ పెట్టలే. పెద్దపెద్దోళ్ళు వచ్చిండ్రు, మూత మీద దండలు పెట్టిండ్రు, ఫోటోలు దిగిండ్రు."

మామ అప్పుడే కాంట్రాక్టరు ఇంటి నుంచి వచ్చాడు. మంచి ఉషారు మీద ఉన్నాడు. "ఈసారి బోనాల టెంట్లన్ని మనయే! చెప్పిండు సార్, నోటితోని చెప్పిండు. ఏందే, గట్ల చూస్తున్నవ్? ఎవలో ముసలోని కోసం మొఖం మాడ్చుకుంటవా?"

ఆమె పెట్టె కడిగింది. ఫణి తెల్లారి వచ్చి, కడిగిన హాల్లో కూర్చుని, నాన్నని ఎక్కడ పడుకోబెట్టారు అని అడిగాడని తర్వాత ఎవరో చెప్పారు. బారసాల ఆ ఇంట్లో జరగలేదు. షెడ్డు తాళంచెవి ఇచ్చి రమ్మని అత్తమ్మ నన్ను పంపింది. శారదాంబ గారు బయటికి రాలేదు. పక్కింటావిడ చెవి తీసుకుని, టార్పాలిన్ కట్టిన పాత తాడు ఒకటి షెడ్డులో ఉండిపోయిందని నా చేతిలో పెట్టింది.

మామ కొన్నాళ్ళు నాలుగు పెట్టెలూ షాపులోనే, తన కళ్ళ ముందే ఉంచాడు. తర్వాత ఇంకో కంపెనీవాడు దబీర్‌పురాలో పెట్టె పెట్టాడని, అటువైపు ఫోన్లన్నీ వాడికే పోతున్నాయని తెలిసింది. "మళ్ళ జాగ చూడు దబీర్‌పురల. నీ ముచ్చట్లు బంద్ చేసి పని చూడు," అన్నాడు.

అత్తమ్మ నన్ను తీసుకుని వెళ్ళింది. శారదాంబ గారి గల్లీ రాకముందే వేరే గల్లీలోకి తిరిగింది. మొదటి ఇంట్లోనే పాత గ్యారేజీ ఖాళీగా ఉంది. ఇంటామె లావుగా, నవ్వుముఖంతో ఉంది.

"ఏం పెడ్తరక్కా గిండ్ల?"

ఈసారి నిజం చెబుతుందేమో అని నేను ఆమె ముఖం చూశాను.

"ఐస్‌క్రీం పెట్టె," అంది అత్తమ్మ. "పెండ్లిళ్ళకు."

"అట్లనా! ఉంచుకోండ్రి, దానిదేమున్నది. అగో, ఎండల నిలబడ్డరు. కూసోండ్రి, నీళ్ళు తెస్త."

లోపలి గదిలో మంచం మీద ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు. పొడి దగ్గు కాదు, ఛాతీలో నీరు పట్టిన దగ్గు. అత్తమ్మ తల కొంచెం అటు తిప్పి, ఆ దగ్గు ఆగేదాకా విన్నది. ఇంటామె నీళ్ళు తెచ్చి గ్లాసు ఆమె చేతిలోనే పెట్టింది. అత్తమ్మ కూర్చోలేదు. గ్లాసును గోడ మీద పెట్టి, పెట్టె రేపు పొద్దున వస్తుందని చెప్పింది. గ్లాసులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి.